నాటింగ్ హిల్ కార్నివాల్: వీధి ఎవరిది, ఖర్చు ఎవరిది

1959 జనవరి 30న లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ టౌన్‌హాల్లో ఓ కరీబియన్ కార్నివాల్ జరిగింది. పాటలు, నాట్యాలు, అందాల పోటీ అన్నీ ఉన్నాయి. బీబీసీ టీవీలో కొంత భాగం ప్రసారమైంది కూడా. ఆ రోజు అమ్మిన సావనీర్‌లో ఒక ప్రకటన అచ్చువేశారు. సావనీర్ల మీద వచ్చే డబ్బులో కొంత, నాటింగ్ హిల్ గొడవల్లో ఇరుక్కున్న నల్ల, తెల్ల కుర్రాళ్ల జరిమానాలు కట్టడానికి వాడతామన్నది దాని సారాంశం. అంతకు అయిదు నెలల కిందటే ఆ పేటలో నల్లవాళ్ల ఇళ్ల మీద తెల్ల గుంపులు దాడి చేశాయి. దెబ్బతిన్న సమాజమే వేడుక పెట్టుకుని, అటువైపు కుర్రాళ్ల జరిమానాలకు కూడా అందులోంచి డబ్బు తీసింది.

ఒక సాంస్కృతిక వేడుకకు సామాజిక స్పృహ ఉందా లేదా అని తేల్చుకోవడానికి వేదిక మీది ప్రసంగాలు పెద్దగా పనికిరావు. డబ్బు ఎక్కడినుంచి వచ్చి ఎటు పోతోంది, వీధి మీద పట్టు ఎవరికుంది, చాకిరీ చేసేది ఎవరు, అనుమతి ఇచ్చేది ఎవరు అన్నవి చూడాలి. ఆఫ్రికా మూలాలున్న కరీబియన్ ప్రజలు లండన్‌లో నిలబెట్టిన, ఏటా వేషాలతో, సంగీతంతో వీధుల్లో సాగే నాటింగ్ హిల్ కార్నివాల్ చరిత్ర అంతా ఈ ప్రశ్నల మీదే నడిచింది. ఇప్పటికీ నడుస్తోంది.

దాడుల తర్వాత పుట్టిన పండగ

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌కు పనివాళ్లు కావాలి. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ ఓడ కరీబియన్ దీవుల నుంచి వందలాది మందిని టిల్బరీ రేవులో దింపింది. అదే ఏడాది వచ్చిన జాతీయతా చట్టం వలస దేశాల ప్రజలకూ బ్రిటిష్ పౌరసత్వం ఇచ్చింది. బస్సుల్లో, రైళ్లలో, ఆసుపత్రుల్లో వాళ్లకు పని దొరికింది కానీ ఇల్లు దొరకలేదు. నల్లవాళ్లకు అద్దెకివ్వమని గుమ్మాల మీదే బోర్డులు పెట్టేవారు. పశ్చిమ లండన్‌లోని నాటింగ్ హిల్, నార్త్ కెన్సింగ్టన్‌లలో పాతబడిన పెద్ద ఇళ్లను గదులుగా చీల్చి ఎక్కువ అద్దెకిచ్చే యజమానులు తయారయ్యారు. వాళ్లలో పీటర్ రాక్‌మన్ పేరు అపకీర్తికి మారుపేరైంది. ఒకే వీధిలో ఒకే పేదరికంలో ఉన్న తెల్లవాళ్లకు, తమ కష్టానికి కారణం అద్దెలు గుంజే యజమాని కాదు, పక్కగదిలోని నల్లవాడే అని నూరిపోయడం ఫాసిస్టు సంఘాలకు సులువైంది.

1958 ఆగస్టు చివర్లో మొదలైన దాడులు సుమారు వారం పాటు సాగాయి. సెప్టెంబరులో తొమ్మిది మంది తెల్ల యువకులకు నాలుగేళ్ల చొప్పున జైలుశిక్ష పడింది. అయినా భయం పోలేదు. 1959 మే నెలలో ఆంటిగ్వా నుంచి వచ్చిన వడ్రంగి కెల్సో కాక్రేన్‌ను సదమ్ స్ట్రీట్ దగ్గర తెల్ల కుర్రాళ్ల గుంపు పొడిచి చంపింది. ఆయన అంతిమయాత్రకు వెయ్యి మందికి పైగా వచ్చారు. ఆ హత్యకు ఇప్పటివరకూ ఎవరికీ శిక్ష పడలేదు.

టౌన్‌హాల్ కార్నివాల్‌కు సూత్రధారి క్లాడియా జోన్స్. 1915లో ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పుట్టి, చిన్నప్పుడే న్యూయార్క్‌లోని హార్లెమ్ చేరి, అక్కడ కమ్యూనిస్టు నాయకురాలిగా ఎదిగి, జైలు అనుభవించి, 1955లో అమెరికా వెళ్లగొడితే లండన్ వచ్చారు. 1958 మార్చిలో బ్రిక్స్‌టన్‌లో వెస్ట్ ఇండియన్ గెజెట్ పత్రిక పెట్టారు. పత్రిక పెట్టిన మనిషే పండగ కూడా పెట్టడంలో ఒక పద్ధతి ఉంది. పత్రిక చదివేది కొద్దిమందే. పాటకు, ఆటకు అందరూ వస్తారు, వచ్చినవాళ్లకు పత్రిక పరిచయమవుతుంది, టిక్కెట్ల డబ్బు పత్రికకు, కోర్టు ఖర్చులకు ఆసరా అవుతుంది. ప్రజల కళే వాళ్ల స్వేచ్ఛకు మూలం అన్న నినాదం ఆ సావనీర్ మీద ఉన్నది ఈ అర్థంలోనే.

హాల్లోనే ఎందుకు పెట్టారంటే, ట్రినిడాడ్‌లో కార్నివాల్ క్రైస్తవుల లెంట్ ఉపవాసాలకు ముందు, ఫిబ్రవరి-మార్చి నెలల్లో వస్తుంది. ఆ రోజుల్లో లండన్ వీధుల్లో చలికి ఒంటిమీద రంగుల వేషం నిలవదు. క్లాడియా 1964 డిసెంబరులో కన్నుమూసే దాకా ఏటా ఏదో ఒక హాల్లో ఈ వేడుక జరిగింది. ఆమె సమాధి హైగేట్ శ్మశానంలో కార్ల్ మార్క్స్ సమాధి పక్కనే ఉంది.

వీధిలోకి తెచ్చింది మరొకరు. నాటింగ్ హిల్‌లో సంఘసేవ చేస్తున్న రోన్ లాస్లెట్ 1966 సెప్టెంబరులో పేటలోని అన్ని జాతుల పిల్లల కోసం ఓ వీధి ఉత్సవం పెట్టారు. ఐరిష్, స్పానిష్, పోర్చుగీస్, ఉక్రెయిన్, ఆఫ్రికా, కరీబియన్ కుటుంబాలన్నీ అందులో ఉన్నాయి. ట్రినిడాడ్ కళాకారుడు రసెల్ హెండర్సన్ స్టీల్ బ్యాండ్‌ను అక్కడ వాయించడానికి పిలిచారు. వాళ్లు ఒకచోట నిలబడకుండా వాయిస్తూ రోడ్డెక్కారు. పిల్లలు వెంటపడ్డారు, పెద్దలు ఇళ్లలోంచి బయటికొచ్చి కలిశారు. నేటి కార్నివాల్ ఊరేగింపు దారికి అదే ఆరంభం. ఇది కాకతాళీయంగా జరిగిందని రాసేవారు ఒక చిన్న వివరం వదిలేస్తారు: ఆ బ్యాండ్ పాన్‌లు, అంటే నూనె పీపాలతో చేసిన లోహ వాయిద్యాలు, పట్టీతో మెడకు తగిలించుకునే రకం. స్టాండు మీద పెట్టే పాన్‌లైతే ఆ ఊరేగింపు కదిలేదే కాదు.

నూనె పీపా వాయిద్యం ఎలా అయింది

స్టీల్ పాన్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. కార్నివాల్ రాజకీయమంతా ఆ లోహంలోనే ఉంది.

బానిసత్వం రద్దయ్యాక ట్రినిడాడ్‌లో నల్లవాళ్లు కాగడాలు, కర్రలు, డప్పులతో కాంబూలే ఊరేగింపు తీసేవారు. 1881లో పోలీసులు దాన్ని అణచబోతే పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పెద్ద ఘర్షణ జరిగింది. తర్వాత కొద్ది ఏళ్లకే డప్పుల మీద ఆంక్షలు వచ్చాయి. అదే పాలన 1884 అక్టోబరులో భారతీయ కూలీల మొహర్రం ఊరేగింపు మీద శాన్ ఫెర్నాండో దగ్గర కాల్పులు జరిపి పలువురిని చంపింది. ఆ దీవికి 1845 నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్లే అయినా, మద్రాసు రేవు నుంచి ఓడెక్కిన తమిళ, తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఆఫ్రికా సంతతి ఊరేగింపును, భారత సంతతి ఊరేగింపును మూడేళ్ల తేడాలో ఒకే తుపాకీ ఆపాలని చూసింది. కరీబియన్ వీధి పండగల చరిత్రలో ఈ రెండింటినీ విడదీసి చదవడం పొరపాటు.

తోలు డప్పు లేకపోతే వెదురు బొంగుల్ని నేలకేసి కొట్టి తాళం పుట్టించారు. 1930లలో దానికీ అడ్డంకులు వచ్చాయి. అప్పుడు బిస్కెట్ డబ్బాలు, చెత్తడబ్బాల మూతలు, చివరకు 1940లలో నూనె పీపాలు చేతికొచ్చాయి. చమురు బావులున్న దీవిలో ఖాళీ పీపాలకు కొదవ లేదు. 1951లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌కు వచ్చిన టాస్పో అనే ట్రినిడాడ్ స్టీల్ బ్యాండ్ బృందం లండన్‌కు ఈ వాయిద్యాన్ని వినిపించింది. అందులోని స్టెర్లింగ్ బెటన్‌కోర్ట్ ఇక్కడే ఉండిపోయి, తర్వాత హెండర్సన్‌తో కలిసి వాయించారు.

తయారీ ఇలా ఉంటుంది. 55 గ్యాలన్ల పీపా, అంటే సుమారు 208 లీటర్లది, తీసుకుంటారు. అడుగు రేకు మీద గీతలో, సొట్టో, తుప్పో ఉంటే పక్కన పెట్టేస్తారు. మంచి పీపాను బోర్లించి అడుగును సమ్మెటతో లోపలికి కొడుతూ గిన్నెలా దించుతారు. పై స్వరాల టెనర్ పాన్‌కు సుమారు 20 సెంటీమీటర్ల లోతు కావాలి. బేస్ పాన్‌కు అందులో సగం చాలు. అంచు నుంచి మధ్యకు వలయాలుగా, ఒకే లెక్కన దెబ్బ వేస్తూ రావాలి. తొందరపడి ఒకేచోట గట్టిగా కొడితే రేకు పలచబడి చీలుతుంది, ఆ పీపా ఇక పనికిరాదు.

తర్వాత స్వరస్థానాలు గీసి, మొన మొద్దుబారిన ఉలితో వాటి చుట్టూ గాడి కొడతారు. ఆ గాడి ఒక స్వరం కంపనాన్ని పక్క స్వరంలోకి పోకుండా ఆపుతుంది. గాడి లోతు చాలకపోతే ఒకటి కొడితే రెండు మోగుతాయి. ఎక్కువైతే రేకు తెగుతుంది. టెనర్‌లో బయటి వలయంలో 12, మధ్యలో 12, లోపల మరో నాలుగైదు స్వరాలు అమరుస్తారు. బేస్‌కు ఒక్కో పీపాకు మూడు స్వరాలే పడతాయి కాబట్టి వాయించే ఒక్క మనిషి చుట్టూ ఆరేసి పీపాలు నిలబెట్టాలి. బేస్‌కు పీపాను పూర్తి పొడవునా ఉంచేస్తారు, టెనర్‌కు పక్కరేకు చాలావరకు కోసేస్తారు.

ఆపైన మంట. రేకు నీలిరంగు తిరిగేదాకా కొద్ది నిమిషాలు కాల్చి చల్లారుస్తారు. సమ్మెట దెబ్బలకు లోహంలో చేరిన ఒత్తిడి ఇక్కడ సర్దుకుంటుంది. సరిగ్గా కాలకపోతే శ్రుతి నిలవదు, మరీ కాలితే రేకు మెత్తబడి ధ్వని చచ్చిపోతుంది. చివరి పని శ్రుతి చేయడం. చిన్న సుత్తితో ప్రతి స్వరాన్ని కిందినుంచి పైకి, పైనుంచి కిందికి తట్టి, మూల స్వరంతో పాటు దాని పై స్థాయి స్వరం కూడా అదే రేకులోంచి పలికేలా చేస్తారు. పాన్‌కు ఆ తళుకు నాదం వచ్చేది ఈ అనుస్వరాల వల్లే. క్రోమ్ పూత వేయిస్తే మళ్లీ శ్రుతి చూడక తప్పదు.

కార్నివాల్ రోజున పాన్‌లను దెబ్బతీసేవి రెండు. మొదటిది, లారీలో ఒకదానిమీద ఒకటి పేర్చడం. స్వరం మీద బరువు పడితే శ్రుతి పోతుంది. రెండోది ఎండ. లండన్ ఆగస్టు ఎండైనా సరే, గంటలకొద్దీ కాగిన రేకు శ్రుతి కిందికి జారుతుంది. అందుకే చక్రాల బళ్ల మీద పైకప్పు కడతారు. ఆ కప్పు అలంకారం కోసమని చూసేవాళ్లు అనుకుంటారు.

పాన్ నేర్పే స్థలాలను పాన్‌యార్డులంటారు. చాలాచోట్ల రాతలో స్వరాలు చూసి కాకుండా విని, చూసి పట్టుకుంటారు. సంగీతపాఠాలకు డబ్బు కట్టలేని ఇళ్ల పిల్లలు ఏడాది పొడుగునా సాయంత్రాలు గడిపే చోటు అది. కార్నివాల్ చేసే సామాజిక సేవలో ఎక్కువ భాగం ఆ రెండు రోజుల్లో కాదు, పాన్‌యార్డుల్లో, వేషాలు కుట్టే మాస్ క్యాంపుల్లో, మిగతా నెలల్లో జరుగుతుంది. సాయం అందించే సంస్థలు డబ్బిచ్చేటప్పుడు మాత్రం ఆ రెండు రోజులనే లెక్కలోకి తీసుకుంటాయి.

అయిదు రంగాలు, ఒకే రోడ్డు

ఇప్పటి రూపానికి పునాది వేసింది 1973 నుంచి 1975 వరకు నడిపిన లెస్లీ పామర్. అప్పటిదాకా అది ప్రధానంగా ట్రినిడాడ్‌వాళ్ల పండగ. జమైకా నుంచి వచ్చినవాళ్ల సంతతికి, ముఖ్యంగా లండన్‌లోనే పుట్టి పెరిగిన కుర్రకారుకు, జమైకా సంగీతం రెగ్గేను పెద్ద స్పీకర్ల గుట్టలతో వినిపించే సౌండ్ సిస్టమ్‌లే ప్రాణం. పామర్ వాటికి వీధుల్లో చోటిచ్చారు, జనరేటర్లు తెప్పించారు, వేషాల బృందాలను పెంచారు, స్పాన్సర్లను వెతికారు. జనం వేలల నుంచి లక్ష దాటారు. 1970లో పేటను చీల్చుకుంటూ కట్టిన వెస్ట్‌వే ఫ్లైఓవర్ కింది ఖాళీలు కూడా కార్నివాల్‌కు వేదికలయ్యాయి. ఆ ఫ్లైఓవర్ కోసం ఇళ్లు కోల్పోయిన పేట అది.

మాస్ (వేషాల ఊరేగింపు), స్టీల్ పాన్, కాలిప్సో (ట్రినిడాడ్ జానపద పాట), సోకా (దాన్నుంచి పుట్టిన నాట్య సంగీతం), ఒకచోట నిలిచే సౌండ్ సిస్టమ్‌లు, ఈ అయిదింటినీ కార్నివాల్‌లో రంగాలుగా లెక్కిస్తారు. ఆగస్టు చివరి సెలవు సోమవారం, దానికి ముందు ఆదివారం జరుగుతుంది. శనివారమే స్టీల్ బ్యాండ్ల పోటీ అయిపోతుంది. ఆదివారం తెల్లవారుజామున రంగులు, పొడులు, చాక్లెట్ పూసుకుని జూవే ఆడతారు. ఆ పగలు పిల్లలకు, కుటుంబాలకు పెద్దపీట. సోమవారం పెద్ద బృందాలు. ఊరేగింపు దారి సుమారు 5.5 కిలోమీటర్లు: గ్రేట్ వెస్ట్రన్ రోడ్, చెప్‌స్టో రోడ్, వెస్ట్‌బోర్న్ గ్రోవ్, లాడ్‌బ్రోక్ గ్రోవ్ మీదుగా చుట్టి వస్తుంది. ఆ చుట్టు లోపలి సందుల్లో 30కి పైగా సౌండ్ సిస్టమ్‌లు నిలిచి ఉంటాయి. సాయంత్రం 7 గంటలకు అవి ఆపేయాలి.

మాస్ బృందం రోడ్డు మీద నడిచే తీరు చూస్తే ఎంతమంది చేతులు కావాలో తెలుస్తుంది. ముందు పతాకం, వెనక విభాగాలుగా వేషధారులు, మధ్యలో పాటల లారీ, వెనక నీళ్లు, తిండి, మరుగుదొడ్డి ఉన్న బండి. బృందం చుట్టూ తాడు పట్టుకుని నడిచేవాళ్లుంటారు, వేషం లేనివాళ్లు లోపలికి చొరబడకుండా. అన్నిటికన్నా ముఖ్యం లారీ చక్రాల పక్కన నడిచేవాళ్లు. ఎత్తు సీట్లో కూర్చున్న డ్రైవరుకు ముందు చక్రం పక్కనున్న పిల్లవాడు కనపడడు. ప్రతి చక్రానికీ ఒక మనిషి, డ్రైవరుకు కనిపించేచోట సైగ చేసే మరో మనిషి, రోజంతా. సగటు బృందం పడే తిప్పలు ఇక్కడే మొదలవుతాయి. వీళ్లలో చాలామంది జీతం లేని వాలంటీర్లు. మధ్యాహ్నానికి అలసిపోతారు, మార్చడానికి మరో జట్టు ఉండదు.

బృందాలు న్యాయనిర్ణేతల ముందు ఆగి ఆడతాయి. ఒక్కో బృందం అయిదు నిమిషాలు ఎక్కువ తీసుకుంటే వెనకున్న పదో బృందం దాదాపు ముప్పావు గంట ఆలస్యం. చీకటి పడేలోగా దారి తిరిగి రాలేక, ఏడాదంతా కుట్టిన వేషాలతో సందులోనే దిగిపోయిన జట్లు ఎన్నో.

వేషాల విషయానికొస్తే తీగ వంచి, గుడ్డ చుట్టి, కథ చెప్పే పాత మాస్ తగ్గుతోంది. పూసల బికినీ, వీపున ఈకల చట్రం ఉన్న వేషాలు పెరిగాయి. పాతవాళ్లు దీన్ని నీతి తప్పిందన్నట్టు మాట్లాడతారు కానీ అసలు కారణం డబ్బే. తయారైన వేషాలను ముందుగా అమ్మితేనే లారీ, జనరేటర్, బీమా ఖర్చు వస్తాయి. కొనేవాళ్లకు ఒంటికి అతికే తేలికైన వేషం కావాలి. పొడుగు కర్రల మీద నడిచే మోకో జంబీనో, డేమ్ లొరైన్ వేషమో నేర్పడానికి నెలలు పడుతుంది, దాన్ని కొనేవాడుండడు. బానిస యజమానుల ఆడవాళ్లను, దర్జాను ఎద్దేవా చేస్తూ పుట్టింది డేమ్ లొరైన్. ఇలాంటి వేషాలను కాపాడాలంటే ఉపన్యాసాలు చాలవు. నేర్పేవాళ్లకు ఏడాది పొడుగునా జీతం కావాలి.

సౌండ్ సిస్టమ్‌ల సమస్య వేరు. 50 హెర్ట్జ్ బేస్ శబ్దానికి తరంగం పొడవు సుమారు ఏడు మీటర్లు. ఇటుక గోడ దాన్ని ఆపలేదు. రెండు సిస్టమ్‌లు దగ్గరగా ఉంటే ఒకదాని బేస్ మరోదాని పాటను మింగేస్తుంది, ఇద్దరూ శబ్దం పెంచుతారు, వీధిలో ఇంటివాళ్లు ఫిర్యాదు చేస్తారు, మరుసటి ఏడాది ఒక స్థలం రద్దవుతుంది. స్పీకర్ల పెట్టెలను జనం వైపు తిప్పి, సందు పొడుగునా కాకుండా ఓ పక్కకు వాల్చి పెట్టడం అనుభవజ్ఞులు చేసే పని.

పోలీసు, జనం, డబ్బు

1976 కార్నివాల్‌కు పోలీసులు సుమారు మూడు వేలమంది వచ్చారు. అంతకుముందు ఏడాది ఉన్నది దానిలో చిన్న వంతే. ఆ రోజుల్లో 1824 నాటి వేగ్రెన్సీ (దేశదిమ్మరుల) చట్టం కింద, అనుమానం చాలు, నేరం జరగకపోయినా, వీధిలో నల్ల కుర్రాళ్లను ఎత్తుకెళ్లేవారు. ఏడాదంతా అలా పట్టుకున్న పోలీసులే తమ పండగలో గుంపులుగా దిగితే ఏమవుతుందో అదే అయింది. జేబుదొంగ అన్న అనుమానంతో ఒకరిని పట్టుకోవడం దగ్గర మొదలైన గొడవ వీధి యుద్ధమైంది. వందమందికి పైగా పోలీసులు ఆసుపత్రిపాలయ్యారు. ఆ వేగ్రెన్సీ చట్టంలోని అనుమానపు నిబంధన 1981లో రద్దయింది. దానికోసం పోరాడినవాళ్లలో కార్నివాల్ నిర్వాహకులూ ఉన్నారు.

ఆ గొడవ తర్వాత కార్నివాల్‌ను స్టేడియానికి మార్చాలి, నిషేధించాలి అన్న మాటలు పెరిగాయి. తర్వాతి ఏడాది పగ్గాలు పట్టినవాళ్లలో డార్కస్ హౌ ఒకరు. అప్పటికే మాంగ్రోవ్ కేసులో కోర్టును ఎదుర్కొన్న మనిషి. ఫ్రాంక్ క్రిచ్లో 1968లో ఆల్ సెయింట్స్ రోడ్‌లో తెరిచిన మాంగ్రోవ్ రెస్టారెంట్ మీద పోలీసులు పదేపదే దాడి చేస్తే, 1970లో జనం ఊరేగింపు తీశారు. తొమ్మిది మంది మీద అల్లర్ల కేసు పెట్టారు. 55 రోజుల విచారణ తర్వాత 1971లో అల్లర్ల అభియోగం నుంచి అందరూ బయటపడ్డారు. జాతిద్వేషానికి రెండు పక్షాల వైపూ ఆధారాలున్నాయని న్యాయమూర్తి అన్నారు. పోలీసుల్లో జాతిద్వేషం ఉందని ఓ బ్రిటిష్ న్యాయస్థానం పైకి చెప్పడం అదే మొదలు. ఆ హోటల్ పేరు మీదే మాంగ్రోవ్ స్టీల్ బ్యాండ్, మాస్ బృందం ఇప్పటికీ ఊరేగింపులో నడుస్తున్నాయి. తిండి, కోర్టు, వాయిద్యం ఒకే పేరుతో ఉండటాన్ని మించి ఈ పండగకు వేరే పరిచయం అక్కర్లేదు.

2017 జూన్ 14న అదే పేటలో గ్రెన్‌ఫెల్ టవర్ అనే నివాస భవనం అంటుకుని 72 మంది చనిపోయారు. కార్నివాల్ దారికి ఆ టవర్ నడక దూరం. ఆ ఏడాది కార్నివాల్ మధ్యాహ్నం 3 గంటలకు ఒక నిమిషం మౌనం పాటించింది. తర్వాత అది 72 సెకన్లుగా ఏటి ఆనవాయితీ అయింది. చెప్పడానికి చిన్నది. జరగడానికి ప్రతి లారీ డీజేకు, ప్రతి సిస్టమ్ ఆపరేటర్‌కు, ప్రతి స్టీల్ బ్యాండ్ నాయకుడికి ముందే గడియారం కలిపి, అయిదు నిమిషాల ముందు హెచ్చరిక పంపి, పాట మధ్యలోనైనా ఆపాలి. ఒక్క సిస్టమ్ మరిచిపోయినా వీధంతా వినపడుతుంది. మంటల్లో మనుషులు పోయిన పేటలో పండగ చేయాలా వద్దా అన్న ప్రశ్నకు, ఆపకుండా చేసి, మధ్యలో అందరూ కలిసి ఆగడమే ఆ పేట ఇచ్చిన జవాబు.

జనం సంగతికొస్తే, రెండు రోజుల్లో సుమారు 20 లక్షల మంది వస్తారని అంచనా వేస్తారు. ఆ సందుల్లో ప్రాణభయం తెచ్చేది దొంగలకన్నా, ఆయుధాలకన్నా ఇరుకే. చదరపు మీటరుకు నలుగురు దాటితే నడక కుంటుపడుతుంది. ఆరుగురు దాటితే మనిషి తన ఇష్టప్రకారం కదలలేడు, జనం కెరటంలా ఊగుతారు. ఒకచోట తోపు పుడితే దూరంగా ఉన్నవాళ్ల మీద పడుతుంది. హైదరాబాద్‌లో నిమజ్జనం రోజు ఇరుకు సందులోకి డీజే బండి ఒకటి, ఎదురుగా క్రేన్ ఒకటి వచ్చినప్పుడు జరిగేది కూడా ఇదే సూత్రం. నాటింగ్ హిల్‌లో దీనికి తోడు ఇళ్ల ముందు నేలకన్నా దిగువన ఉండే గుంటల్లాంటి వాకిళ్లు ఉన్నాయి. తోపులాటలో వాటి ఇనుప కంచె మీద ఒరిగితే నేరుగా కిందికి పడతారు. చాలా ఇళ్లకు ఆ రెండు రోజులూ చెక్కలు కొట్టి మూసేస్తారు. దోపిడీ భయమని పత్రికలు రాస్తాయి, చాలాచోట్ల అసలు అవసరం జనాన్ని ఆ గుంటల్లో పడకుండా ఆపడమే.

పనిచేసే జాగ్రత్తలు మామూలువే: సిస్టమ్ ముందు నిలిచే జనానికి వెనక నుంచి బయటపడే దారి ఉంచడం, కూడళ్లలో స్టాళ్లు పెట్టనివ్వకపోవడం, కొన్ని సందులను ఒకే దిశలో నడిచేవిగా చేయడం, రైలు స్టేషన్లను కొన్ని గంటలు రాకకు మాత్రమే తెరవడం, ముందు వీధిలో ఏం జరుగుతోందో వెనకవాళ్లకు చెప్పే మైకులు పెట్టడం. విఫలమయ్యేది ఎక్కువగా చివరిదే. ముందు ఆగిపోయిందని తెలియక వెనకవాళ్లు నడుస్తూనే ఉంటారు.

వీటికి డబ్బెవరిస్తారు? పోలీసు బందోబస్తుకు ఏటా కోటి పౌండ్లకు పైగా ఖర్చవుతుంది, రోజుకు సుమారు ఏడు వేలమంది. 2003లో లండన్ అభివృద్ధి సంస్థ వేసిన లెక్కలో కార్నివాల్ వల్ల నగరానికి ఏడాదికి 9.3 కోట్ల పౌండ్ల వ్యాపారం జరుగుతుందని తేలింది. ఆ వ్యాపారం హోటళ్లకు, రైళ్లకు, దుకాణాలకు పోతుంది. వేషం కుట్టినవాళ్లు, పాన్ శ్రుతి చేసినవాళ్లు, లారీ చక్రం పక్కన నడిచినవాళ్లు చేతి డబ్బు పెట్టుకుంటారు. ఊరేగింపుకు టిక్కెట్ లేదు కాబట్టి నిర్వాహకులకు వచ్చేది సాయం, స్పాన్సర్లు, స్టాళ్ల నుంచే. లక్షలమంది వచ్చినా టిక్కెట్ల మీద పైసా రాని కార్యక్రమం ఇది. ఖర్చంతా బందోబస్తు పద్దులో పడి, మార్గదర్శకులుగా నిలిచే స్టీవర్డుల శిక్షణకు చాలడం లేదని నిర్వాహకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. మనిషి ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాలను 2016, 2017లలో పోలీసులు ఇక్కడ పరీక్షించారు. పౌరహక్కుల సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. అయినా 2025లో అవి మళ్లీ వచ్చాయి. కెమెరాకు దొరికిన డబ్బు తాడు పట్టుకునే మనిషికి దొరకకపోవడం సరైన లెక్క కాదు.

2025లో ఒక స్వతంత్ర భద్రతా సమీక్ష జనం ఇరుకు గురించి హెచ్చరించాక, లండన్ మేయర్ కార్యాలయం, కెన్సింగ్టన్-చెల్సీ, వెస్ట్‌మినిస్టర్ కౌన్సిళ్లు కలిసి దాదాపు 10 లక్షల పౌండ్లు అదనంగా ఇచ్చాయి. అవసరమైన సాయమే. కానీ అది ఖాయమైంది వేడుకకు కొన్ని వారాల ముందు. స్టీవర్డుకు సందు సందు తెలియాలి, ఏ గుమ్మం తెరుచుకుంటుందో, అంబులెన్సు ఎటు తిరుగుతుందో తెలియాలి. అది ఆఖరి నెలలో ఏజెన్సీ నుంచి తెచ్చుకునే మనిషితో జరగదు.

ఏదైనా చెడు జరిగిన ప్రతి ఏడాదీ కార్నివాల్‌ను హైడ్ పార్కుకు మార్చాలన్న ప్రతిపాదన లేస్తుంది. భద్రత కోణంలో చూస్తే ఆ వాదనలో బలం ఉంది: పార్కులో గుంటలు లేవు, ఇరుకు లేదు, అంబులెన్సుకు దారుంది. కానీ పార్కుకు కంచె ఉంటుంది. కంచెకు గేటు, గేటుకు టిక్కెట్, టిక్కెట్‌కు వేలంపాటలో నెగ్గిన కంపెనీ వరసగా వస్తాయి. అప్పుడు పండగ యజమాని మారతాడు. కెల్సో కాక్రేన్‌ను పొడిచిన వీధి, మాంగ్రోవ్ ఉన్న వీధి, గ్రెన్‌ఫెల్ కనిపించే వీధి పండగలోంచి తప్పిపోతాయి. పాన్‌యార్డులకు, మాస్ క్యాంపులకు పేటలో గదులు దొరకడానికి ఇప్పుడున్న ఒకే ఒక్క బలమైన కారణం, పండగ ఆ పేటలో జరగడమే. అద్దెలు లండన్‌లోనే అతి ఖరీదైన చోట్ల ఒకటైపోయిన నాటింగ్ హిల్‌లో ఆ కారణం పోతే, ఆ గదులు రెండు మూడేళ్లకు మించి నిలవవు. వీధిలోనే ఉంచి భద్రంగా నడపాలంటే మూడేళ్లకో అయిదేళ్లకో ముందే ఖాయమైన నిధులు, సమీక్ష సూచించిన మార్పులకు పేరు పేరునా బాధ్యులు, స్టీవర్డులకు ఏడాది పొడుగునా జీతం ఇవ్వాలి. పోలీసు పద్దులో పదో వంతుతో ఇవి మొదలుపెట్టవచ్చు.